పాత కారుతో వచ్చిన కూలింగ్ ఫిల్మ్: పీకించాలా, మార్పించాలా?

వెనకసీటు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. కారు అద్దాల ఫిల్మ్ మీద ఇక్కడ పాత పోస్టులు చాలానే ఉన్నాయి, చదివాను. మా ఇంటి సంగతి కొంచెం వేరు కాబట్టి విడిగా అడుగుతున్నా. పొడుగైంది, ఓపిక పట్టండి.

మా ఆవిడకి లూపస్. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన మీదకే తిరగబడే జబ్బు అది. ఎండ తగిలితే పెట్రేగుతుంది. డాక్టరమ్మ మొదటి రోజే, "కారులో కూర్చున్నా సరే సన్‌స్క్రీన్ రాసుకోవాల్సిందే, అద్దం మూసేశాం కదా అనుకోవద్దు" అని చెప్పింది. ఏసీ కారులో ఎండేంటి అని మేమిద్దరం బయటికొచ్చి నవ్వుకున్నాం కూడా. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాం. దూరం ప్రయాణం చేసిన రోజు సాయంత్రానికి తన ఎడమ చెంప, ఎడమ చేయి మోచేతి నుంచి మణికట్టు దాకా కందిపోయి ఉండేవి. గాజులున్న చోట మాత్రం గీత గీసినట్టు మామూలుగా ఉండేది. కుడివైపు ఏమీ లేదు. తను కూర్చునేది ముందు ఎడమ సీట్లో, కిటికీ ఆ వైపే.

ఈ మధ్య ఆ కారు ఇచ్చేసి సెకండ్ హ్యాండ్‌లో కొంచెం పెద్దది తీసుకున్నాం. దానికి నాలుగు పక్కలా, వెనక అద్దానికీ ఫిల్మ్ ముందే వేసి ఉంది. బాగా నలుపు. అంచుల్లో వంకాయ రంగు తిరిగింది, వెనక అద్దం మీద అక్కడక్కడా బుడగలు. చూడ్డానికి బాగోకపోయినా ఈ కారులో వెళ్లొచ్చిన రోజుల్లో తనకి ఆ కందిపోవడం బాగా తగ్గింది. అందుకని దాని జోలికి పోలేదు.

మొన్న సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఎస్ఐ ఆపాడు. మేం వేయించలేదు సార్, కారుతోనే వచ్చింది అన్నాను. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించాను. పాపం, చివరిదాకా చదివాడు. "మీ బాధ నాకర్థమైంది సార్. కానీ ఇందులో దీనికి ఆప్షన్ లేదు" అని చేతిలోని మిషన్ నా వైపు తిప్పి చూపించాడు. ఫొటో తీసుకున్నాడు, ఐదొందలు చలానా పడింది. తీయించకపోతే ఈసారి ఎక్కువ పడుతుందని కూడా చెప్పాడు. మర్యాదగానే మాట్లాడాడు, ఆయన మీద నాకే కంప్లైంటూ లేదు.

ఇక అసలు టెన్షన్ అక్కడి నుంచి మొదలైంది. ఫిల్మ్ వేసే ఇద్దరిని కనుక్కున్నా. ఒకతను "ఇది ఆర్టీఓ అప్రూవ్డ్ ఫిల్మ్ సార్, మూలన క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఉంటుంది, ఎవడూ ఆపడు" అన్నాడు. ఇంకొకతను "పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుగు వదలాలని రూల్, నేను వేసేదీ 50 శాతం వదిలే ఫిల్మే, కరెక్ట్‌గా సరిపోతుంది" అన్నాడు. మా బావమరిదేమో కేరళ హైకోర్టు ఫిల్మ్‌కి పర్మిషన్ ఇచ్చేసింది, ఆ తీర్పు ప్రింట్ తీసి డ్యాష్‌బోర్డులో పడేయ్ బావా అంటాడు.

ఎవరి మాట నమ్మాలి? జబ్బు ఉన్నవాళ్లకి మన చట్టంలో ఏమైనా వెసులుబాటు ఉందా? ఈ నల్ల ఫిల్మ్ పీకించేసి తెల్లగా కనిపించే ఫిల్మ్ వేయిస్తే తనకి పనికొస్తుందా, లేక అదంతా అమ్ముకునేవాళ్ల మాటలా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

స్టెప్నీ

మంత్రిగారి కాన్వాయ్‌లో కారు కొనుక్కోండి బాస్, ఒక్కడు ఆపితే ఒట్టు.

జోక్ పక్కన పెడితే, హీట్‌గన్ గారు ఇటు రావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు ఈ గ్రూపులో ఆయనొక్కరే.

---

హీట్‌గన్

వచ్చాను. నేను ఫిల్మ్ వేసేవాణ్ణే కాబట్టి ముందే చెబుతున్నా, నా మాటలో కూడా కాస్త వ్యాపారం ఉంటుందని అనుకుని చదవండి.

ముందు మేడమ్ గారి సంగతి. ఎండలో మూడు ముక్కలున్నాయి. కంటికి కనిపించే వెలుగు, వేడిమి మోసుకొచ్చే ఇన్‌ఫ్రారెడ్, చర్మాన్ని దెబ్బతీసే యూవీ. నేలకి చేరే ఎండలో యూవీ వాటా చాలా కొంచెం, నూటికి ఐదు పాళ్లు కూడా ఉండదు. మిగతాదంతా మొదటి రెండే. మీ ఆవిడకి పడనిది ప్రధానంగా ఆ కొంచెమే. ఇప్పుడు అసలు మాట: ఫిల్మ్ నల్లగా ఉండటానికీ, యూవీ ఆపడానికీ సంబంధం లేదు. నలుపు అనేది కనిపించే వెలుగుని ఆపే రంగు, అంతే. యూవీని ఆపేది ఫిల్మ్‌లోనూ దాని జిగురులోనూ కలిపే వేరే పదార్థం. దానికి రంగు ఉండాల్సిన పని లేదు. మంచి కంపెనీ క్లియర్ ఫిల్మ్ అద్దానికి వేస్తే, వేసినట్టు కూడా తెలియదు, యూవీ మాత్రం 99 శాతం ఆగిపోతుంది. కాబట్టి అది అమ్ముకునేవాళ్ల మాట కాదు, నిజమే.

మీ ముందు అద్దం గురించి బెంగ వద్దు. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ గ్లాస్. ఆ పొరే యూవీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. చిక్కంతా పక్క అద్దాలతోనే. అవి టెంపర్డ్ గ్లాస్, ఒంటి పలక. మన దాకా వచ్చే యూవీలో రెండు రకాలు. యూవీ-బీని గాజు చాలావరకు ఆపుతుంది కానీ యూవీ-ఏ మాత్రం లోపలికి వస్తుంది. ఎంత వస్తుందనేది కారుని బట్టి మారుతుంది. మేడమ్ గారికి ఎడమవైపే కందడానికి కారణం ఇదే. డాక్టరమ్మ కరెక్ట్‌గా చెప్పారు.

ఇక ఆ "50 శాతం ఫిల్మ్ సరిపోతుంది" అన్నతను. అతనికి తెలియక అన్నాడో, తెలిసే అన్నాడో గానీ లెక్క తప్పు. కొలిచేది ఫిల్మ్‌ని విడిగా కాదు, అద్దం, ఫిల్మ్ రెండూ కలిపి. కంపెనీ నుంచి వచ్చిన పక్క అద్దమే పూర్తి తెలుపు కాదు. లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది చూడండి. ఆ అద్దం వెలుగులో 75 శాతం వదులుతుందనుకుందాం. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే 75లో సగం, అంటే 37 చిల్లర మిగులుతుంది. రూల్‌కి చాలా దూరం. అదే అద్దం మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే 52 పైన వస్తుంది, గట్టున పడతారు. అద్దం 70 దగ్గరే ఉందనుకోండి, 70 ఫిల్మ్‌తో 49కి పడిపోతుంది, అక్కడ ఒక్క శాతం తేడాతో దొరికిపోతారు. అందుకే ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు మీ ఖాళీ అద్దాన్ని మీటర్‌తో కొలిచి చూపించమనండి. రెండు ముక్కల మీటర్ ఉంటుంది, అద్దానికి లోపలొకటి బయటొకటి పెడితే అయస్కాంతంతో పట్టుకుని నంబర్ చూపిస్తుంది. అద్దం తుడిచి పెట్టాలి, దుమ్ము ఉంటే నంబర్ తగ్గుతుంది. మీటర్ లేదన్న చోట పని చేయించకండి.

మీలాంటి కేసుకి నేనైతే 70 కూడా వద్దంటాను. వేడి తగ్గాలన్నది మీ మొదటి అవసరం కాదు కదా. పూర్తి క్లియర్ రకం తీసుకోండి. అది వెలుగుని చాలా కొద్దిగానే తగ్గిస్తుంది. అద్దం 70 ఉన్నా మొత్తం మీద 60 పైనే నిలుస్తుంది. బయటినుంచి చూసేవాడికి ఫిల్మ్ ఉన్నట్టే అనిపించదు.

వేడి కూడా తగ్గాలంటే సిరామిక్ రకాలున్నాయి. షాపులో లైటు వెలిగించి, మధ్యలో ఫిల్మ్ పట్టి, మీ చేయి కింద పెట్టమని డెమో ఇస్తారు. లైటు ఇన్‌ఫ్రారెడ్ లైటు కాబట్టి భలే చల్లగా అనిపిస్తుంది. మిషన్ కూడా "ఐఆర్ 95 శాతం కట్" అని చూపిస్తుంది. చాలా మిషన్లు ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చిన్న ముక్కని మాత్రమే కొలుస్తాయి. మీరు అడగాల్సిన నంబర్ అది కాదు, టీఎస్ఈఆర్. అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత బయటే ఆగుతుందనేది. 95 అన్నవాడి టీఎస్ఈఆర్ 45 ఉండటం మామూలే. ఆ మాట అడగగానే మొహం మారిపోతుంది కొందరికి.

మెటల్ కలిసిన రకాలు మాత్రం ముందు అద్దానికి వేయించకండి. ఫాస్టాగ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది, మెటల్ పొర అడ్డం వస్తే టోల్ గేటు దగ్గర స్కాన్ కాక వెనకవాళ్ల హారన్లు వినాల్సొస్తుంది. జీపీఎస్ కూడా మొరాయిస్తుంది.

ఇప్పుడు మీ పాత ఫిల్మ్. అంచుల్లో వంకాయ రంగు తిరిగిందంటే అది చవక డై ఫిల్మ్, రంగు చచ్చిపోయింది. యూవీ ఆపే గుణం కూడా కాలంతో తగ్గుతుంది, ఇప్పుడు ఎంత మిగిలిందో కంటితో చెప్పలేం. తగ్గినట్టనిపించడానికి నలుపు వల్ల మేడమ్ గారికి హాయిగా ఉండటం కూడా ఒక కారణం కావొచ్చు. ఏదేమైనా దాన్ని ఉంచుకోవడంలో లాభం లేదు. పీకించండి.

పీకించేటప్పుడు ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి. వెనక అద్దానికి లోపలివైపు అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలుంటాయి కదా, డీఫాగర్ లైన్లు. ఫిల్మ్ వాటి మీదే అంటుకుని ఉంది. బ్లేడు పెట్టి గీకితే ఆ గీత తెగుతుంది. ఒక్కచోట తెగినా ఆ లైను మొత్తం పనిచేయదు, వానాకాలంలో అక్కడ ఆవిరి అలాగే ఉండిపోతుంది. సరైన పద్ధతి ఏంటంటే హీట్‌గన్‌తోనో స్టీమర్‌తోనో బయటినుంచి వేడి చేసి, జిగురు మెత్తబడ్డాక, ఒక మూల లేపి, గీతల వెంబడే మెల్లగా లాగాలి. గీతలకి అడ్డంగా లాగకూడదు. తొందరపడితే ఫిల్మ్ వస్తుంది, జిగురు అద్దం మీదే ఉండిపోతుంది. దాన్ని సబ్బునీళ్లు, జిగురు కరిగించే ద్రావణం, మెత్తటి స్పాంజితో రుద్దుకుంటూ కూర్చోవాలి. విసుగు పని, అందుకే కుర్రాళ్లు బ్లేడు తీస్తారు. పక్కన నిలబడండి.

చట్టం సంగతి మన లాయరు నల్లకోటు గారికి వదిలేస్తున్నా. క్యూఆర్ స్టిక్కర్ గురించి మాత్రం నేనే చెబుతా. ఆ కోడ్ స్కాన్ చేస్తే ఫిల్మ్ ఏ రకమో, ఎంత శాతమో కంపెనీ పేజీలో వస్తుంది. కాగితంగా పనికొస్తుంది. అంతేగానీ ఫలానా బ్రాండ్ వేసుకోవచ్చని ఆర్టీఓ ముద్ర వేసే పద్ధతి రూల్‌లో ఎక్కడా లేదు. అది అమ్మకం మాట. మేమందరం వాడతాం, కస్టమర్‌కి అదే వినాలని ఉంటుంది మరి.

---

నల్లకోటు

హీట్‌గన్ గారూ, ఆ చివరి మాట చెప్పినందుకు మీకో దండం.

వెనకసీటు గారూ, మీ బావమరిది చెప్పింది సగం నిజం. మొత్తం కథ తెలిస్తేనే ఆ సగం ఎందుకు సరిపోదో తెలుస్తుంది.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో రూల్ 100 ఉంది. ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుగుని వదలాలి, పక్క అద్దాలు కనీసం 50 శాతం. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. 2012 దాకా దీన్ని అందరూ ఎలా చదువుకున్నారంటే, ఆ శాతాలు తగ్గనంతవరకు ఫిల్మ్ వేసుకోవచ్చు అని. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు అలా కాదంది. రూల్ చెప్పేది తయారైన గాజు గురించి, అద్దం తయారైనప్పుడే ఆ శాతంతో ఉండాలి, తర్వాత దాని మీద బ్లాక్ ఫిల్మే కాదు, ఏ వస్తువూ, ఎంత శాతందైనా సరే అంటించడానికి వీల్లేదు అని తేల్చింది. మే 4 నుంచి అమలు. జడ్ ప్లస్, జడ్ భద్రత ఉన్నవాళ్లకి మాత్రమే మినహాయింపుకి దారి ఉంచింది. ఫిల్మ్ తయారుచేసేవాళ్లు మళ్లీ వెళ్లి అడిగినా అదే ఏడాది ఆగస్టులో కోర్టు వెనక్కి తగ్గలేదు. స్టెప్నీ గారి కాన్వాయ్ జోక్‌లో అంత జోకేం లేదు.

ఎండ, వేడి అనే వాదన కూడా ఆ కేసులో వచ్చింది. కొందరికి కలిగే ఇబ్బంది కంటే అందరి భద్రత ముఖ్యం అన్న దారిలోనే కోర్టు వెళ్లింది. రూల్ 100లో వైద్య మినహాయింపు అనే మాటే లేదు. కాబట్టి ఎస్ఐ గారు ఆప్షన్ లేదన్నది అక్షరాలా నిజం. డాక్టర్ కాగితం మీద జాలి రావొచ్చు, చలానా ఆగదు.

ఇక కేరళ సంగతి. రూల్ 100ని తర్వాత సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి "సేఫ్టీ గ్లాస్" అన్న మాట పక్కన "సేఫ్టీ గ్లేజింగ్" అన్నదీ చేరింది. ఐఎస్ 2553 రెండో భాగం, 2019 ప్రమాణం ప్రకారం లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా ఈ గ్లేజింగ్‌లోకి వస్తుంది. 2024 సెప్టెంబరులో జస్టిస్ ఎన్. నగరేష్ ఈ సవరణ ఆధారంగానే, 70, 50 శాతాలు నిలిచేటట్టు ప్రమాణానికి సరిపడే ఫిల్మ్ ఉంటే జరిమానా వేయకూడదన్నారు. ఆ పని కంపెనీయే చేయాలి, యజమాని చేయకూడదు అన్న వాదనని కూడా ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు తీర్పు ఈ సవరణకి ముందుది కాబట్టి ఇక్కడ అడ్డు రాదన్నారు.

బావుంది కదా అంటారు. బావుంది. కానీ అది కేరళ హైకోర్టు. మన రాష్ట్రాల్లో పోలీసుల్ని అది కట్టిపడేయదు. మన హైకోర్టు ముందు "అక్కడ ఇలా అన్నారు" అని చూపించడానికి బలమైన ఆధారమే. కానీ సిగ్నల్ దగ్గర నిలబడ్డ మనిషికి కాదు. ఆయన ముందున్న ఆదేశాల్లో ఇప్పటికీ సుప్రీంకోర్టు మాటే ఉంటుంది.

చాలామందికి తట్టని మెలిక ఒకటుంది. మీటర్ గొడవ. "మీటర్‌తో కొలవకుండా చలానా ఎలా వేస్తారు" అని రోడ్డు మీద వాదించేవాళ్లని చూస్తుంటాను. కేరళ తీర్పు దారిలో వెళ్తే ఆ ప్రశ్న సరైనదే. శాతం తక్కువైతేనే తప్పు కాబట్టి కొలవాలి. 2012 తీర్పు దారిలో వెళ్తే మీటరే అక్కర్లేదు, ఫిల్మ్ ఉండటమే తప్పు. మీరు మీటర్ గురించి మాట్లాడుతుంటే ఆయన ఫిల్మ్ గురించి మాట్లాడుతున్నాడు. ఆ వాదన రోడ్డు మీద తెగదు, కోర్టులో తేలాల్సిందే.

జరిమానా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 177 కింద. 2019 సవరణ తర్వాత మొదటిసారి ఐదొందల దాకా, మళ్లీ దొరికితే పదిహేనొందల దాకా. చలానా కట్టడం ఇష్టం లేకపోతే కోర్టులో సవాలు చేసే హక్కు మీకుంది. కానీ మీ ప్రస్తుత ఫిల్మ్‌తో ఆ పని చేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఏ తీర్పు ప్రకారం చూసినా నిలవదు. కట్టేసి, పీకించి, ఫొటో తీసి పెట్టుకోండి.

క్లియర్ ఫిల్మ్ వేయించుకుంటే చట్టపరంగా నూటికి నూరుపాళ్లు సేఫ్ అని నేను రాసివ్వను. 2012 మాట ప్రకారం అదీ "ఏ వస్తువూ" కిందకే వస్తుంది. కానీ కేరళ తీర్పు అండ దానికి పూర్తిగా దొరుకుతుంది, పైగా వైద్య అవసరం ఉంది. రేపు కోర్టుదాకా వెళ్లాల్సొస్తే చేతిలో మంచి కేసు ఉంటుంది. నా క్లయింటు అయితే వేయించుకోమనే అంటాను. బిల్లు, ఫిల్మ్ ఏ ప్రమాణానికి సరిపోతుందో తెలిపే సర్టిఫికెట్, వేసిన తర్వాత మీటర్ రీడింగ్ ఫొటో, డాక్టర్ కాగితం, తీర్పు కాపీ అన్నీ ఒకే కవర్లో పెట్టి కారులో ఉంచండి. ఆపితే వాదించకుండా కవర్ ఇవ్వండి.

---

ఎడమచేతి డ్రైవింగ్

మేం అమెరికాలో ఉంటాం. మా అక్కకి కూడా ఇదే జబ్బు కాబట్టి చెబుతున్నా. ఇక్కడ రాష్ట్రానికో రూల్. కాలిఫోర్నియాలో ముందు పక్క అద్దాలు ఫిల్మ్‌తో కలిపి 70 శాతం ఉండాలి, వెనక తలుపుల అద్దాలు ఎంత నలుపైనా పర్లేదు. టెక్సస్‌లో ముందు కూడా 25 శాతం దాకా వెళ్లొచ్చు. న్యూజెర్సీలో ముందు పక్క అద్దాలకి మామూలుగా ఫిల్మే కుదరదు. కానీ చాలాచోట్ల వైద్య మినహాయింపు ఉంది, లూపస్‌లాంటి జబ్బు ఉంటే డాక్టర్ కాగితంతో ముదురు ఫిల్మ్ వేసుకోవచ్చు.

తమాషా ఏంటంటే అక్కకి ఆ మినహాయింపు వచ్చినా ముదురుది వేయించుకోలేదు. రాత్రి వానలో సైడ్ మిర్రర్ కనిపించట్లేదంది. ఆలోచిస్తే నిజమే, మిర్రర్ చూసేది ముందు పక్క అద్దంలోంచే కదా. క్లియర్ ఫిల్మ్ వేయించుకుంది. దాంతోపాటు చేతులకి పొడుగు స్లీవ్స్, మొహానికి సన్‌స్క్రీన్ మానలేదు. అద్దం దించిన క్షణం ఫిల్మ్ ఉన్నా లేనట్టే, అది గుర్తుపెట్టుకోమనండి. టోల్ దగ్గరో డ్రైవ్ త్రూ దగ్గరో దించుతాం చూడండి, అక్కడ.

---

స్టెప్నీ

మధ్యలో నాకో డౌటు. ఫిల్మ్ వద్దు, మెష్ కర్టెన్లు పెట్టుకోవచ్చా? సూపర్‌మార్కెట్లో కూడా అమ్ముతున్నారుగా.

---

నల్లకోటు

అమ్మితే రోడ్డు మీద వాడొచ్చని కాదు స్టెప్నీ. బండి ఆపి పార్క్ చేసినప్పుడు పెట్టుకోండి, ఎవరూ అడగరు. నడుస్తున్నప్పుడు పక్క అద్దాలకి పెడితే ఫిల్మ్ కంటే ఎక్కువ కనిపిస్తాయి, ఆపడానికి ఇంకా తేలిక. ముందు సీటు వైపు అయితే అసలు వద్దు, ఇప్పుడే చదివారుగా మిర్రర్ సంగతి.

---

వెనకసీటు

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని అంతా చదివింది. "నలుపుకీ యూవీకీ సంబంధం లేదట" అని నావైపు ఒక చూపు చూసింది. నల్లగా ఉంటేనే మంచిదని ఇన్నాళ్లూ ఇంట్లో వాదించింది నేనే లెండి.

చలానా కట్టేశాను. ఒక ఫిల్మ్ అతనికి ఫోన్ చేసి మీటర్ ఉందా అంటే "ఎందుకు సార్, కంటితో చెప్పేస్తా" అన్నాడు, వదిలేశా. మరో చోట ఉందన్నారు, ఆదివారం తీసుకెళ్తున్నా. ముందు పాతది పీకి, ఖాళీ అద్దం కొలిచి, ఆ తర్వాతే ఏది వేయాలో మాట్లాడదాం అని చెప్పాను. టీఎస్ఈఆర్ ఎంత అని అడిగితే ఒక్క క్షణం ఆగి, "మీరు కూడా ఈ ఫీల్డేనా సార్" అన్నాడు.

హీట్‌గన్ గారూ, రెండు చిన్న ప్రశ్నలు. వెనక అద్దానికి కూడా క్లియర్ వేయించాలా, లేక పక్క అద్దాలు చాలా? తను ఎప్పుడైనా వెనక సీట్లో పడుకుంటుంది. ఇంకోటి, వేసిన రోజే ఇంటికి తెచ్చుకోవచ్చా?

---

హీట్‌గన్

వెనక పడుకునే అలవాటు ఉంటే వెనక అద్దానికీ వేయించండి, అదీ టెంపర్డ్ గ్లాసే. కాకపోతే దానికి రూల్ 70 శాతం అని మర్చిపోవద్దు, పక్క అద్దాల్లా 50 కాదు. ఖాళీగా కొలిస్తే 70 దగ్గరే ఉందనుకోండి, క్లియర్ ఫిల్మ్ వేసినా కిందకి జారుతుంది. అప్పుడు వెనక అద్దాన్ని వదిలేసి, వెనక తలుపులతో పాటు వాటి వెనకుండే చిన్న క్వార్టర్ గ్లాసులకి వేయించండి. వాటిని చాలామంది మర్చిపోతారు, పడుకున్నవాళ్ల మొహం మీదకి ఎండ వచ్చేది అక్కడినుంచే. వెనక అద్దానికి, పార్కింగ్‌లో ఉన్నప్పుడు మాత్రం, ఊడదీసే సన్‌షేడ్ చాలు.

పని అయ్యాక అదే రోజు తెచ్చుకోవచ్చు. కానీ నాలుగైదు రోజులు అద్దాలు దించకండి, ఫిల్మ్ కింద నీళ్లు ఆరాలి. బీడింగ్ లోపలికి అద్దం దిగితే తడి ఫిల్మ్ అంచు లేచిపోతుంది. పవర్ విండో స్విచ్‌ల మీద టేపు వేసి పంపమని అడగండి, ఇంట్లో పిల్లలుంటే మరీను. మొదటి వారం లోపల చిన్న చిన్న నీటి మరకలు, మసకగా కనిపిస్తే కంగారుపడొద్దు, ఎండకి అవే పోతాయి. గుండ్రంగా గట్టిగా ఉన్న బుడగ మాత్రం పోదు, దాని కింద దుమ్ము ఉన్నట్టు. అది చూస్తే కారు అక్కడే ఉండగా చూపించి మళ్లీ వేయించుకోండి, ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.